14 నెలలు చూసుకున్న మామ్మగారు పోయారు, మర్నాడే కొత్త కేసు. జీతం తీసుకున్న చోట బాధపడటం తప్పా?

మొగల్రాజపురం_కేర్‌టేకర్ (విజయవాడ)
ఆదివారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. నేను జీఎన్‌ఎమ్ నర్సింగ్ కోర్సు చదివాను. ఇదివరకు సూర్యారావుపేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేసేదాన్ని. మా ఆయనకు పని పోయాక, డబ్బులు కాస్త ఎక్కువ వస్తాయని ఏజెన్సీ ద్వారా ఇళ్లలో 24 గంటల డ్యూటీకి మారాను. పాప సింగ్‌నగర్‌లో మా అత్తగారి దగ్గర ఉంటుంది.

మొగల్రాజపురంలో ఒక మామ్మగారిని 14 నెలలు చూశాను. పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ముక్కులో గొట్టం, మూత్రానికి క్యాథెటర్. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, జావ పొయ్యాలి, నోరు శుభ్రం చెయ్యాలి, ఒళ్లు తుడవాలి. ఇన్ని నెలల్లో ఆవిడ వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదు. మాట లేకపోయినా ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టి పిలిచేవారు. రెండుసార్లు కొడితే పెదాలు తడపమని. ఒకసారి కొట్టి ఆగితే పక్కకు తిప్పమని. ఆ భాష ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

పన్నెండు రోజుల కింద తెల్లవారుజామున పోయారు. చుట్టాలొచ్చేలోపు ఒళ్లు తుడిచి, చీర కట్టి, తల దువ్వింది నేనే. మధ్యాహ్నానికల్లా ఏజెన్సీ నుంచి ఫోను. పటమటలో కేసుంది, పొద్దున్నే చేరమన్నారు. చేరాను. నిన్న పెద్దకర్మ జరిగింది. నన్ను పిలవలేదు. పిలవాలని ఏమీ లేదు, తెలుసు. అయినా నిన్నంతా ఫోను వంక చూస్తూనే ఉన్నాను.

ఇప్పటిదాకా ఏడుపు రాలేదు. ఈ ఇంట్లో తాతగారు మంచివారు. కానీ ఆయన ఒళ్లు తుడుస్తుంటే బల్ల తుడుస్తున్నట్టు ఉంటోంది. రాత్రి పట్టె మీద కొట్టిన చప్పుడు వినపడి లేచి కూర్చుంటున్నాను. మొన్న పాప ఫోన్లో లెక్కల పరీక్ష గురించి చెబుతుంటే కసిరాను. తర్వాత అది ఫోను నాన్నమ్మకు ఇచ్చేసింది.

మా అత్తగారితో చెప్పుకుంటే "జీతం తీసుకుని చేసిన పనికి ఏడుపెందుకే" అన్నారు. నొప్పించాలని కాదు, ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు. నాకూ అర్థం కావట్లేదు. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

-----

ఐసీయూ_సిస్టర్ (గుంటూరు)
సోమవారం, ఉదయం 4:15

నైట్ డ్యూటీలో ఉన్నాను చెల్లీ, ఇప్పుడే కూర్చున్నాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను.

నాకు ఐసీయూలో పన్నెండేళ్లు. మూడింటికి ఒక పేషెంట్ పోతే మూడున్నరకు దుప్పటి మారుతుంది, నాలుగింటికి ఆ మంచం మీద ఇంకొకరు ఉంటారు. బయట వాళ్లవాళ్లు గోడకు కొట్టుకుని ఏడుస్తుంటారు. మనం లోపల కొత్తవాళ్లకు సెలైను లైను పెడుతుంటాం. 2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఒక్క వారంలో ఎంతమందికి అలా దుప్పటి కప్పానో లెక్క మానేశాను. ఆ తర్వాత నాకూ నువ్వు చెప్పినట్టే అయింది. మనిషి కనిపించేవాడు కాదు. బీపీ, సాచురేషన్, యూరిన్ ఔట్‌పుట్, అంతే. ఇంట్లో మా అబ్బాయికి జ్వరమొస్తే కూడా థర్మామీటరు చూసి నెంబరు రాసుకున్నాను, పక్కన కూర్చోలేదు. అప్పుడు భయమేసింది.

నాకు పనికొచ్చినదేంటో చెబుతాను. ఆసుపత్రి వాళ్లు గోడకు అతికించిన "నవ్వుతూ ఉండండి" పోస్టరు కాదు. నాతో డ్యూటీ చేసే ఇద్దరు సిస్టర్లు, ఆసుపత్రి గేటు పక్కన టీ బండి. నైటు దిగాక అక్కడ నిలబడి పది నిమిషాలు ఆ రాత్రి సంగతే మాట్లాడుకుంటాం. ఎవరు పోయారు, ఎవరు ఎలా ఏడ్చారు, ఏ డాక్టరు ఎవరిని కసిరాడు. పది నిమిషాలయ్యాక ఆపేస్తాం. ఇక ఇంటికి ఎత్తుకెళ్లం. ఒకరు చెప్పేటప్పుడు మిగతా ఇద్దరూ సలహాలివ్వకూడదు, అదొక్కటే మా కట్టుబాటు.

నీకు ఆ టీ బండి లేదు. ఇళ్లలో డ్యూటీ చేసేవాళ్లకు ఉన్న పెద్ద కష్టం అదేననిపిస్తుంది. మాకు పక్క మంచం దగ్గర ఇంకో సిస్టరైనా ఉంటుంది. మీకు ఉండేది పేషెంటే. ఆ పేషెంటే పోతే ఎవరున్నారు?

-----

వన్‌టౌన్_సూపర్‌వైజర్ (విజయవాడ)
సోమవారం, ఉదయం 9:30

నేను ఏడేళ్లు హోమ్ కేర్ ఏజెన్సీలో సూపర్‌వైజర్‌గా చేశాను. ఎవరికీ కోపం రాకూడదు, ఉన్నమాట చెబుతున్నా. మేము అమ్మాయిల్ని చేర్చుకునేటప్పుడే చెప్పేవాళ్లం, పేషెంట్‌ని సొంతమనిషి అనుకోవద్దని. అలా అనుకున్నవాళ్లు ఒక్క కేసు పోగానే పని మానేసి ఊరికి వెళ్లిపోయేవాళ్లు. రెండు నెలలయ్యాక అప్పులతో తిరిగొచ్చేవాళ్లు. మనసు గట్టిచేసుకోకపోతే ఈ పనిలో నిలబడలేరమ్మా. మర్నాడే కేసు ఇచ్చింది కూడా ఒకరకంగా మీ మంచికే. ఖాళీగా కూర్చుంటే ఇంకా తలుచుకుంటారు. పైగా ఖాళీ రోజులకు జీతం రాదు.

-----

రిటైర్డ్_హెడ్‌సిస్టర్ (గుంటూరు, అరండల్‌పేట)
సోమవారం, మధ్యాహ్నం 1:05

సూపర్‌వైజర్ బాబూ, మీ మాటను కొట్టిపారెయ్యను. నేనూ 34 ఏళ్ల సర్వీసులో కొత్త పిల్లలకు చాలాకాలం అదే చెప్పాను, మనసు గట్టిచేసుకోమని. అలా గట్టిచేసుకున్న పిల్లలు తర్వాత ఎలా తయారయ్యారో కూడా నేనే చూశాను. సూది గుచ్చేటప్పుడు ముఖం చూడరు. పేషెంటు పేరు చెప్పరు, "ఆరో నెంబరు" అంటారు. ముసలమ్మ నీళ్లడిగితే వినపడనట్టు పోతారు. వాళ్లు చెడ్డపిల్లలు కాదు. బాధ రాకుండా తలుపు వేసుకున్నారు, ఆ తలుపులోంచే దయ కూడా రావాలి కదా.

ఆ తర్వాత నేను మా వార్డులో ఒకటి మొదలుపెట్టాను. పేషెంటు పోయాక గొట్టాలు తీసి మార్చురీకి ఫోను చేసే ముందు, డ్యూటీలో ఉన్నవాళ్లం మంచం చుట్టూ ఒక నిమిషం నిలబడేవాళ్లం. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకునేవాళ్లు. ఒకరు పేరు పెట్టి చెప్పేవాళ్లు, "ఈయన తొమ్మిది రోజులు మనతో ఉన్నారు" అని. ఒక్క నిమిషం. దానికి ఏ ఆర్డరూ అక్కర్లేదు, ఖర్చూ లేదు. మొదట్లో సిగ్గుపడ్డవాళ్లే తర్వాత నేను మర్చిపోతే గుర్తుచేసేవాళ్లు.

అమ్మాయీ, చావు జరిగిన ఇంట్లోవాళ్లకు మనవాళ్లు ఎన్ని ఏర్పాట్లు పెట్టారో చూడు. మూడోరోజు చిన్నకర్మ, ఆ తర్వాత పెద్దకర్మ, పలకరింపులు, మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం. మనసు కుదుటపడటానికి ఏడాది పడుతుందని తెలిసే పెట్టారు. ఆమెకు ఆఖరి చీర కట్టిన నీకు మాత్రం మర్నాడు పొద్దున్నే డ్యూటీ. నీలో ఏ లోపమూ లేదమ్మా. నీకు టైము ఇవ్వలేదు, అంతే.

-----

కౌన్సెలర్_బెజవాడ (విజయవాడ)
సోమవారం, రాత్రి 8:50

హెడ్‌సిస్టర్ గారు అనుభవంతో చెప్పినదానికి చదువులో కూడా పేరుంది. చుట్టూ ఉన్నవాళ్లు "నీకు ఏడ్చే హక్కేముంది" అన్నట్టు చూసే దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో ఒక పుస్తకమే తెచ్చారు. గుర్తింపు లేని దుఃఖం అన్నమాట. బంధువు కాదు కాబట్టి పరామర్శ లేదు, పరామర్శ లేదు కాబట్టి ఏడ్చే చోటు లేదు. ఏడ్వలేకపోతే దుఃఖం పోదు. రాత్రి చప్పుడై లేపుతుంది, పగలు విసుగై పాప మీద పడుతుంది.

రెండోది వేరు. "బల్ల తుడుస్తున్నట్టు" అన్నారే, అది. క్రిస్టీనా మాస్లాక్ అనే మనస్తత్వవేత్త 1981లో బర్నవుట్‌ను, అంటే పనిలో మనసు అరిగిపోవడాన్ని, కొలిచే పద్ధతి తెచ్చినప్పుడు మూడు గుర్తులు చెప్పారు: మనసు పూర్తిగా అలసిపోవడం, ఎదుటి మనిషి వస్తువులా అనిపించడం, నేను చేసేది దేనికీ కొరగాదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన కొత్త జబ్బుల వర్గీకరణలో బర్నవుట్‌ను జబ్బు కింద వెయ్యలేదు, పనికి సంబంధించిన పరిస్థితి కింద వేసింది. ఈ తేడా మీలాంటివాళ్లకు చాలా ముఖ్యం. జబ్బైతే మీకు మందిచ్చి సరిపెడతారు. పని వల్ల వచ్చింది గనక పని జరిగే తీరును మార్చమని మీరు అడగొచ్చు.

నర్సుల్లో ఈ అలసట గురించి 1992లోనే కార్లా జాయిన్సన్ అనే నర్సు రాసింది. జాలిపడీ పడీ అలసిపోవడం అని. కాబట్టి మీరు మొదటివారు కాదు, ఒంటరివారూ కాదు.

ఒక హెచ్చరిక. నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బతకడం ఎందుకనిపిస్తే ఇంక ఆగొద్దు. 14416కు చెయ్యండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇళ్లలో డ్యూటీ చేసేవాళ్లకు ఆసుపత్రికి వెళ్లే తీరిక ఉండదు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. రాత్రి పేషెంటు నిద్రపోయాక వసారాలో నిలబడైనా మాట్లాడొచ్చు.

-----

మొగల్రాజపురం_కేర్‌టేకర్
మంగళవారం, రాత్రి 12:20

అందరికీ దణ్ణాలు. హెడ్‌సిస్టర్ అమ్మ రాసింది చదువుతుంటే మొదటిసారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మొదటి పోస్టులో ఒకటి రాయలేదు. రాయడానికి ధైర్యం చాల్లేదు. ఆ రోజు నాలుగింటికి మామ్మగారిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాను. కాసేపు నడుం వాల్చుదామని కింద చాప మీద పడుకున్నాను. ఐదున్నరకు మెలకువ వచ్చి చూస్తే ఒళ్లు చల్లగా ఉంది. ఆవిడ పట్టె మీద కొట్టారేమో. నాకు వినపడలేదేమో. ఇంట్లోవాళ్లు "నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు" అన్నారు. నేను తలూపాను. నిద్రపోయింది నేనని ఎవరికీ చెప్పలేదు.

-----

ఐసీయూ_సిస్టర్
మంగళవారం, ఉదయం 5:40

చెల్లీ, కొన్ని అడుగుతాను, గుర్తుతెచ్చుకుని చెప్పు. ఆఖరి రెండు మూడు రోజులు జావ పోస్తే లోపల నిలిచిందా, వెనక్కి వచ్చిందా? పాదాలు చల్లగా, మచ్చలు మచ్చలుగా అయ్యాయా? ఊపిరి కాసేపు గట్టిగా, కాసేపు ఆగి, మళ్లీ గట్టిగా వచ్చిందా? మూత్రం బ్యాగులో బాగా తగ్గి రంగు ముదిరిందా?

-----

మొగల్రాజపురం_కేర్‌టేకర్
మంగళవారం, ఉదయం 6:10

అవును అక్కా. నాలుగూ. ఊపిరి సంగతి కోడలుగారికి ముందురోజే చెప్పాను. డాక్టరుగారు ఫోన్లో, ఇంక ఆసుపత్రికి తిప్పొద్దు, ఇంట్లోనే ప్రశాంతంగా ఉండనివ్వండి అన్నారు.

-----

ఐసీయూ_సిస్టర్
మంగళవారం, ఉదయం 6:25

అయితే విను. ఆవిడ శరీరం వెళ్లిపోతున్నానని రెండు రోజుల ముందు నుంచీ చెబుతూనే ఉంది. అది నువ్వు చూశావు, ఇంట్లోవాళ్లకు చెప్పావు, డాక్టరు దాకా మాట వెళ్లింది. ఆ దశలో మనిషి దాదాపు మగతలోనే ఉంటారు, చెయ్యెత్తి పట్టె మీద కొట్టే శక్తి ఎక్కడిది? నువ్వు కళ్లు తెరిచి కూర్చున్నా ఆ ఊపిరిని ఆపగలిగేదానివి కాదు. మా దగ్గర మానిటర్లు పెట్టుకుని నలుగురం నిలబడి ఉండగా కూడా అలాగే వెళ్లిపోతారు.

నువ్వు ఆవిడకు చేసిన ఆఖరి పని పక్కకు తిప్పి పడుకోబెట్టడం. అది నొప్పి తగ్గించే పని.

-----

రిటైర్డ్_హెడ్‌సిస్టర్
మంగళవారం, ఉదయం 10:00

నేను ఇంకో లెక్క చెబుతాను. ఆసుపత్రిలో అదే పేషెంటుకు రోజుకు మూడు షిఫ్టులు, అంటే ముగ్గురు సిస్టర్లు, పైన ఆయాలు. రెండు గంటలకోసారి తిప్పాలంటే రోజుకు పన్నెండుసార్లు. అది 14 నెలలు ఒక్కదానివే చేశావు. 24 గంటల డ్యూటీ అని కాయితం మీద రాసినంత మాత్రాన మనిషి 24 గంటలు మేలుకోగలదా? తెల్లవారుజామున గంటన్నర నిద్రపోవడం తప్పయితే ఆ తప్పు నీది కాదు, ఆ డ్యూటీ రాసినవాళ్లది. ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

-----

తెనాలి_అటెండెంట్ (గుంటూరు)
మంగళవారం, రాత్రి 9:15

నేను మగ పేషెంట్లకి అటెండెంటుగా చేత్తన్నా అక్కా. గుంటూరులో ఉంటా, మా ఊరు తెనాలి కాడ. మగోళ్లం ఇట్టాంటివి ఎవరితో చెప్పుకోం, అందుకని రాత్తన్నా.

లక్ష్మీపురంలో ఒక మాస్టారు ఉండేవోరు. క్యాన్సరు. ఎనిమిది నెల్లు ఎత్తి కూర్చోబెట్టా, పడుకోబెట్టా, గడ్డం గీశా. రోజూ పేపరు చదివించుకునేవోరు, నేను తప్పు చదివితే దిద్దేవోరు. నాకు చదవడం సరిగ్గా వచ్చింది ఆయన కాడే. ఆయన పోయినాక మూడు కేసులు మార్చా. ఒక్క కాడా నిలబడలా. సాయంత్రం అయితే మందు. మా ఆవిడ పుట్టింటికి పోయింది. అప్పుడు కూడా నాకు మాస్టారి సంగతని తట్టలా, ఒళ్లు నొప్పులకి తాగుతున్నా అనుకున్నా. నడుం నొప్పికి డాక్టరు కాడికి పోతే, ఆయనే అడిగాడు, ఎవరన్నా పోయారా అని. అక్కడే కూలబడి ఏడిశా.

ఆయనే మానసిక డాక్టరు కాడికి పంపాడు. మందు మాని ఇప్పటికి ఏడు నెలలు. ఇప్పుడు ఏ కేసు అయిపోయినా ఆ ఇంటి నుంచి నేరుగా ఇంకో ఇంటికి పోను. సీతానగరం కాడ కృష్ణలో మునిగి, తడిబట్టలతో కాసేపు మెట్ల మీద కూర్చుని, అప్పుడు ఇంటికి పోతా. ఒక రోజు కూలి పోద్ది. పోనీ. నేను అనుకునేది ఏందంటే, మనం కూడా చావింట్లోంచే వత్తన్నాం గదా, మనకీ తానం కావాల.

-----

నూట_ఎనిమిది_ఈఎమ్‌టీ (విజయవాడ)
మంగళవారం, రాత్రి 10:40

నేను 108 అంబులెన్సులో చేస్తాను, మాది ఇంకో రకం. బెంజి సర్కిల్ దగ్గర యాక్సిడెంటైన కుర్రాణ్ణి ఎక్కించుకుంటే ఆసుపత్రికి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. క్యాజువాలిటీలో అప్పగించి సంతకం పెట్టించుకుని వచ్చేశాం. బతికాడో లేదో ఇప్పటికీ తెలియదు. మాకు చావు కూడా సగమే కనిపిస్తుంది. తెనాలి తమ్ముడు చెప్పిన స్నానం సంగతి మా పైలెట్‌కి, అంటే అంబులెన్సు డ్రైవరుకి, చదివి వినిపించాను.

-----

బ్రాడీపేట_కూతురు (గుంటూరు)
బుధవారం, మధ్యాహ్నం 3:30

నేను మీ వృత్తిలో లేను. మా నాన్నగారికి రెండేళ్లు ఒకావిడ సేవ చేసింది, కాబట్టి అవతలి వైపు నుంచి చెబుతున్నాను.

నాన్న పోయాక మేము కూడా ఆవిణ్ణి పెద్దకర్మకు పిలవలేదు. లెక్క కట్టి, పైన కొంత ఇచ్చి పంపించేశాం. ఆవిడంటే చిన్నచూపు ఉండి కాదు. ఆవిణ్ణి చూస్తే నాన్న మంచమే కళ్లముందుకు వచ్చేది, తట్టుకోలేకపోయాను. ఇంకో నిజం కూడా ఉంది. నాన్న ఆఖరి నెలల్లో నాకంటే ఆవిడ పేరే ఎక్కువ పిలిచారు. కూతురిగా అది నాకు గుచ్చుకుంది. ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు, ఈ చర్చ చదివాక రాయగలుగుతున్నాను.

ఈ రోజు పొద్దున ఆవిడకు ఫోన్ చేశాను. నెంబరు మారిపోయింది.

చెల్లీ, మామ్మగారి కోడలుకు నువ్వే ఫోన్ చెయ్యి. ఏమనుకుంటారోనని ఆగకు. పట్టె మీద కొట్టే భాష ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదన్నావు. అది వాళ్లకు చెప్పు. మా నాన్న ఏ పూట ఏం అడిగేవారో చెప్పగలిగిన మనిషి నాకు ఇప్పుడు లేదు.

-----

వన్‌టౌన్_సూపర్‌వైజర్
బుధవారం, రాత్రి 7:45

హెడ్‌సిస్టర్ గారూ, మీరు డ్యూటీ రాసినవాళ్లది తప్పన్నారు. రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నా. కేసుకూ కేసుకూ మధ్యలో రెండు రోజులు జీతంతో సెలవివ్వాలంటే ఆ డబ్బు ఎవరు భరించాలనేది నాకింకా తేలలేదు. పేషెంటు ఇంటివాళ్లు ఇవ్వరు, చిన్న ఏజెన్సీకి శక్తి ఉండదు. కానీ డబ్బుతో పనిలేనివి మేము చెయ్యలేదు, అది ఒప్పుకుంటాను. కేసు పోయినప్పుడు ఫోన్ చేసి "కొత్త కేసుంది" అనే ముందు "ఎలా ఉన్నావమ్మా" అని ఒక్కసారి కూడా అడగలేదు. రాత్రిపూట నాలుగు గంటలు ఇంటివాళ్లే చూడాలని ఒప్పందంలో రాయొచ్చు, రాయలేదు. అమ్మాయీ, మీ సూపర్‌వైజర్‌ని ఆ నాలుగు గంటలు అడుగు. ఈ పాటికి అడగాల్సింది మేమే.

-----

కౌన్సెలర్_బెజవాడ
బుధవారం, రాత్రి 9:10

అడిగేటప్పుడు "నాకు కష్టంగా ఉంది" అని ఒక్కటే చెబితే మీ మీదకే తిప్పుతారు. "నిద్ర లేకపోతే తాతగారి మందుల్లో పొరపాటు జరుగుతుంది" అని చెప్పండి. అది నిజం కూడా.

-----

మొగల్రాజపురం_కేర్‌టేకర్
మరుసటి ఆదివారం, రాత్రి 10:30

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

గురువారం కోడలుగారికి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే ఆవిడ ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, పటమటలో మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి. పెద్దకర్మ రోజు నన్ను తలుచుకున్నారట, కొత్త డ్యూటీలో ఉన్నదాన్ని ఎలా పిలవాలా అని ఊరుకున్నారట. పట్టె మీద కొట్టే సంగతి చెప్పాను. "ఒకసారి కొట్టి ఆగితే పక్కకు తిప్పమనా? కోపంతో కొడుతోందనుకున్నాం" అన్నారు. నేను నిద్రపోయిన సంగతి కూడా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనూ పక్క గదిలో నిద్రపోయాను కదమ్మా" అన్నారు.

నెల మాసికానికి రమ్మన్నారు. ఈ బుధవారం కాదు, ఆ తర్వాతి బుధవారం వెళ్తున్నాను.

చప్పుడు వినపడటం పూర్తిగా పోలేదు. 14416కు ఒకసారి చేశాను, తెలుగులోనే మాట్లాడారు, అరగంట విన్నారు. తాతగారి గెడ్డం గీస్తున్నప్పుడు తెనాలి తమ్ముడి మాస్టారు గుర్తొచ్చి, పేపర్లో ఏముందో చదివి వినిపించమంటారా అని అడిగాను. ఆయన కళ్లజోడు ఎక్కడుందో వెతకమన్నారు, తనే చదువుతారట.

-----

రిటైర్డ్_హెడ్‌సిస్టర్
మరుసటి ఆదివారం, రాత్రి 10:50

మంచిదమ్మా. నాలుగు గంటల సంగతి అడిగావా? పాపతో మాట్లాడావా?

-----

మొగల్రాజపురం_కేర్‌టేకర్
మరుసటి ఆదివారం, రాత్రి 11:05

అడిగాను అమ్మా. ఇక్కడి అబ్బాయిగారు రాత్రి పది నుంచి రెండు దాకా తను చూస్తానన్నారు, నిన్నటి నుంచి చూస్తున్నారు. నెలకు రెండు ఆఫ్‌లు అడిగితే ఏజెన్సీ ఒకటే ఇచ్చింది, రెండోది ఇంకా అడుగుతున్నాను. మొదటిది ఆ బుధవారమే పెట్టుకున్నా. పొద్దున మాసికానికి వెళ్లి, అక్కణ్ణుంచి పాప బడి వదిలే టైముకు సింగ్‌నగర్ వెళ్తాను. లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో ఫోన్లో చెప్పనంటోంది, వస్తేనే చెబుతుందట.